ఐ-పిల్ నుంచి ఫొటోల బెదిరింపు దాకా: హాస్టల్ గదుల్లో తిరిగే అపోహలు - వాస్తవాలు

యూనివర్సిటీ హాస్టల్లో సెక్స్, గర్భం, సమ్మతి లాంటి విషయాల మీద సలహాలకు కొదవలేదు. సీనియర్లు చెబుతారు, యూట్యూబ్ చెబుతుంది, మెడికల్ షాపు కుర్రాడూ చెబుతాడు. వాటిలో తప్పులున్నాయి సరే, అవి నమ్మి కూర్చుంటే చేజారేది సమయం. ఇక్కడ చాలా వైద్యాలకు గంటల లెక్క ఉంటుంది.

అపోహ: ఐ-పిల్ వేసుకుంటే గర్భం పోతుంది.

ఐ-పిల్ రక్షణ లేకుండా కలిశాక గర్భం రాకుండా వేసుకునే అత్యవసర మాత్ర. గర్భం వచ్చాక అది ఏమీ చేయదు. అందులో ఉండేది లెవోనార్‌జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు. అది అండం విడుదలను వాయిదా వేస్తుంది, అంతే. అండం అప్పటికే విడుదలైపోతే ఇక దాన్ని నమ్ముకోలేం. అందుకే ‘72 గంటలు టైముంది కదా’ అని ఆగొద్దు, దొరికిన వెంటనే వేసుకోవాలి. రెండు గంటల్లోపు వాంతయితే మళ్లీ ఒక మాత్ర వేసుకోవాలి. టీబీకి రిఫాంపిసిన్, ఫిట్స్‌కు ఫెనిటోయిన్ లేదా కార్బమజెపైన్ వాడుతుంటే దీని ప్రభావం తగ్గుతుంది. అలాంటివాళ్లు ఐదు రోజుల్లోపు గర్భాశయంలో అమర్చే కాపర్-టీ వేయించుకోవడం మేలు. ఆ మాటకొస్తే అత్యవసర పద్ధతుల్లో అన్నిటికంటే నమ్మకమైనది అదే.

చాలామంది దెబ్బతినేది ఆ తర్వాతే. మాత్ర వేసుకున్నాం కాబట్టి ఆ నెలంతా భయం లేదనుకుంటారు. వాయిదా పడిన అండం కొద్దిరోజులకు విడుదలవుతుంది, సరిగ్గా అప్పుడే రక్షణ లేకుండా కలుస్తారు. మధ్యలో కనిపించిన నాలుగు చుక్కల రక్తాన్ని నెలసరి అనుకోవడం ఇంకో పొరపాటు. నెలసరి వారం ముందో వెనకో రావచ్చు. అంతకు మించి ఆలస్యమైతే మూత్ర పరీక్ష చేసుకోవాలి. కలిసిన మూడు వారాలకు చేస్తే ఫలితాన్ని నమ్మొచ్చు. ఒకటి రెండుసార్లు వేసుకుంటే పిల్లలు పుట్టరన్న మాట మాత్రం అబద్ధం.

అపోహ: పెళ్లికాని అమ్మాయికి అబార్షన్ చేయాలంటే అమ్మానాన్నల సంతకం కావాలి.

18 నిండితే ఆమె సంతకం ఒక్కటే చాలు. అబార్షన్ చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం సరిపోతుంది. 20 నుంచి 24 వారాల మధ్య కొందరు మహిళలకు ఉన్న వెసులుబాటు పెళ్లికానివాళ్లకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న చెప్పింది. ఆమె వివరాలను చట్టం అనుమతించినవారికి తప్ప ఇంకెవరికీ బయటపెట్టకూడదు, పెడితే ఏడాది వరకు జైలు శిక్ష పడొచ్చు.

ఇది తెలియకే షాపులో అబార్షన్ మాత్రలు కొనుక్కుని గదిలో గుట్టుగా వేసుకుంటున్నారు. గర్భం గర్భాశయంలో కాకుండా ఫెలోపియన్ ట్యూబులో ఉంటే ఆ మాత్రలకు పోదు. ట్యూబు పగిలితే ప్రాణం మీదికొస్తుంది. ముందు డాక్టరుకు చూపించుకోండి. మాత్రలు వేసుకున్నాక గంటకు రెండు పెద్ద ప్యాడ్లు నిండా తడుస్తూ రెండు గంటలు గడిస్తే, ఎవరేమనుకున్నా సరే, ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

అపోహ: కండోమ్ చిరిగితే ఇక చేసేదేం లేదు.

హెచ్ఐవీ సోకే ప్రమాదం ఉంటే 72 గంటల్లోపు మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. వీలైతే మొదటి కొన్ని గంటల్లోనే మొదలుపెట్టాలి. పెద్ద ప్రభుత్వాస్పత్రిలో హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో అడగండి, రాత్రయితే క్యాజువాలిటీకి వెళ్లండి. అవసరమా కాదా అన్నది డాక్టరు తేలుస్తారు. హెచ్ఐవీ పరీక్ష, సలహా ఇచ్చే ప్రభుత్వ కేంద్రం ఐసీటీసీలో పరీక్ష ఉచితం. వెంటనే చేయించుకుంటే సరిపోదు, మూడు నెలలకు మళ్లీ చేయించుకోవాలి. సందేహాలకు హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయొచ్చు.

చిరగడానికి కారణం చాలావరకు మన చేతిలోనే ఉంటుంది. కొబ్బరినూనె, వాజిలిన్ రాస్తే రబ్బరు బలహీనపడుతుంది. ప్యాంటు వెనక జేబులో పర్సులో నెలల తరబడి ఉంచినా అంతే. రెండు తొడిగితే ఒకదానికొకటి రాసుకుంటాయి. కొసను నొక్కి గాలి తీసేశాకే తొడగాలి. తిరగేసి పెట్టినది మళ్లీ వాడకూడదు, పారేసి కొత్తది తీయాలి.

అపోహ: ఒక చుక్క వీర్యం వంద చుక్కల రక్తానికి సమానం.

కాదు. ఒకసారికి వచ్చేది మామూలుగా ఐదు మిల్లీలీటర్ల లోపే. అందులో చాలా భాగం వీర్యాశయాలు, ప్రోస్టేట్ గ్రంథి విడుదల చేసే ద్రవం. నిద్రలో వీర్యం పోవడానికి (స్వప్నస్ఖలనం) మందు అక్కర్లేదు. ‘బలహీనత’ పేరుతో గోడల మీద కనిపించే ప్రకటనలకు ఒక్క రూపాయి కూడా పోయకండి. నీరసం, దిగులు నిజంగానే ఉంటే రక్తహీనత ఉందేమో చూపించుకోండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416తో మాట్లాడండి.

అపోహ: ఇద్దరం ప్రేమించుకుంటున్నాం, ప్రతిసారీ అడగాలా?

అడగాలి. నిన్న ఒప్పుకున్నారని ఈరోజూ ఒప్పుకున్నట్టు కాదు. తాగి ఒళ్లు తెలియని మనిషి ‘సరే’ అన్నా అది సమ్మతి కాదు. ఫస్టియర్‌లో 17 ఏళ్లవాళ్లూ ఉంటారు, 18 నిండనివాళ్ల సమ్మతి పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టం ముందు చెల్లదు.

విడిపోయాక వ్యక్తిగత ఫొటోలు నెట్‌లో పెడతామని బెదిరిస్తే డబ్బు పంపొద్దు, భయంతో చాట్ డిలీట్ చేయొద్దు. నంబరు, ప్రొఫైల్ లింకు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి. తెలంగాణలో షీ టీమ్స్‌కూ చెప్పొచ్చు. వ్యక్తిగత ఫొటోలు అనుమతి లేకుండా వ్యాపించకుండా ఆపే స్టాప్‌ఎన్‌సీఐఐ సైటులో ఫొటో అప్‌లోడ్ చేయనక్కర్లేదు. మీ ఫోన్లోనే దానికి ఒక కోడ్ తయారవుతుంది, ఆ కోడ్ ఆధారంగా ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటివి ఆ ఫొటోను గుర్తించి ఆపుతాయి.