ముల్లు చెప్పేది, అంకె చెప్పేది

కాటా ముల్లు ఇంకా ఊగుతుండగానే తూకం ఎటు మొగ్గుతుందో మనకు తెలిసిపోతుంది. డిజిటల్ కాటా దగ్గర అంకె నిలిచేదాకా ఆగాలి. మెటల్ డిటెక్టర్లలోనూ తేడా ఇలాంటిదే. కాకపోతే అవి కొలిచేది బరువును కాదు, ఆలస్యాన్ని.

డిటెక్టర్ చివరనున్న కాయిల్ సెకనుకు కొన్ని వేలసార్లు దిశ మారే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. అది తగిలిన లోహంలో సుడి ప్రవాహాలు, అంటే సుడుల్లా తిరిగే చిన్న విద్యుత్ ప్రవాహాలు, పుడతాయి. వాటి నుంచి వచ్చే బలహీనమైన జవాబును రెండో కాయిల్ అందుకుంటుంది. ఆ జవాబు కొద్దిగా వెనకబడి వస్తుంది. దీన్నే దశాభేదం అంటారు. పల్చటి అల్యూమినియం రేకుకు ఒక ఆలస్యం, మందపాటి వెండి నాణేనికి మరొకటి.

అమెరికాలోని స్వీట్‌హోమ్ పట్టణంలో తయారైన వైట్స్ కంపెనీ 6000 శ్రేణి డిటెక్టర్లలో ఈ తేడాను ముల్లు చూపేది. బడి ప్రయోగశాలలోని గాల్వనోమీటర్‌లో ఉన్నట్టే అయస్కాంతం నడుమ చిన్న తీగచుట్ట, దానికో సన్నని స్ప్రింగు. కాయిల్‌ను నాణెం మీదుగా అటూ ఇటూ ఊపితే ముల్లు ప్రతిసారీ దాదాపు ఒకే చోటికి వస్తుంది. తుప్పుపట్టిన మేకు మీద ఊపితే ఒకసారి ఇక్కడ, మరోసారి అక్కడ తడబడుతుంది. ఆ తడబాటే సగం సమాచారం. అందుకే ముల్లంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం.

అయితే స్కేలు మీది 78కీ 82కీ తేడాను ముల్లుతో చదవడం కష్టం. పక్కనుంచి చూస్తే ఒక గీత అటో ఇటో కనిపిస్తుంది. డిజిటల్ డిటెక్టర్‌లోని చిప్ దశాభేదాన్ని లెక్కగట్టి ఒక సంఖ్యగా తెర మీద పెడుతుంది. ఖనిజాలున్న నేలలో లోతుగా ఉన్న వస్తువు విషయంలో ఆ సంఖ్యా పక్కదారి పడుతుంది. ఒంటరి అంకెలో అనుమానం కనిపించదు. వైట్స్ వారే తర్వాత తెచ్చిన స్పెక్ట్రమ్ ఎక్స్‌ఎల్‌టీ తెర మీద అంకెతో పాటు నిలువు గీతల గ్రాఫ్ కూడా ఉంటుంది. గీతలన్నీ ఒకచోట గుమిగూడితే కింద ఉన్నది నాణెం లాంటి మంచి వస్తువు, చెల్లాచెదురైతే ఇనుము కావచ్చు. ముల్లు వణుకు ఇలా మళ్లీ తెర మీదికి వచ్చింది.

రెండింటికీ లొంగనిది ఒకటుంది. రాగి, వెండి కలిపిన బంగారం స్వచ్ఛమైన బంగారం కంటే విద్యుత్తును చాలా తక్కువగా ప్రవహింపజేస్తుంది. అలాంటి సన్నని ఉంగరమూ, పాత కూల్‌డ్రింక్ డబ్బాల నుంచి ఊడదీసి పారేసిన అల్యూమినియం రింగూ చాలాసార్లు ఒకే ఆలస్యంతో జవాబిస్తాయి. ముల్లు ఒకే చోట ఆగుతుంది, తెర ఒకే సంఖ్య చూపుతుంది. ఇక తవ్వి చూడాల్సిందే.