నీలి పిట్ట గూడు విడిచిన తొలి వలస

ట్విటర్‌ను వదిలిపోవాలన్న ఆలోచన 2022లో ఎలాన్ మస్క్ దాన్ని కొన్నాకే పుట్టిందని చాలామంది అనుకుంటారు గానీ, మన దేశంలో అది మూడేళ్ల ముందే మొదలైంది. 2019 అక్టోబరు చివర్లో సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విటర్ నిలిపివేసింది. అందుకు కారణం ఆయన ఖాతాలో పెట్టుకున్న ఫోటో. అది 1936లో జర్మనీలోని హాంబర్గ్ ఓడల కర్మాగారంలో తీసింది. అందులో గుంపంతా చేయి చాచి నాజీ వందనం చేస్తుంటే, ఒక్క మనిషి మాత్రం చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. నాజీలను ధిక్కరించిన ఆ బొమ్మే విద్వేష చిత్రాల లెక్కలోకి వెళ్లింది! ఖాతా అసలైనదేనని ధ్రువీకరించే నీలి టిక్కుల కేటాయింపులో కులవివక్ష ఉందని దళిత, బహుజన వాడుకరులు నిలదీసిందీ ఆ రోజుల్లోనే. ఈ రెండు ఆగ్రహాలూ కలిసి, నవంబరులో వేలమందిని మాస్టొడాన్ అనే మరో సామాజిక మాధ్యమం వైపు నడిపించాయి.

జర్మనీలో యూగెన్ రోచ్కో 2016లో విడుదల చేసిన మాస్టొడాన్‌కు యజమాని అంటూ ఒకరు లేరు. జీమెయిల్ నుంచి యాహూకు ఉత్తరం వెళ్లినట్టే, ఎవరి సర్వర్‌లో వాళ్లుంటూ ఇతర సర్వర్ల వారితో మాట్లాడుకోవచ్చు. అందుకు వీలు కల్పించే యాక్టివిటీపబ్ అనే సాంకేతిక నియమావళిని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2018 జనవరిలో ఆమోదించింది. నిజానికి ఇలాంటి ప్రయత్నం 2008లో ఐడెంటికా అనే వేదికతోనే మొదలైంది.

వెళ్లినవారిలో చాలామంది తిరిగొచ్చేశారు. దానికి కారణం సిద్ధాంతం కన్నా గుమ్మం దగ్గరి తికమకేనని నా అభిప్రాయం. ఖాతా తెరవబోతే ముందు ఏ సర్వరో ఎంచుకోమంటుంది. చిరునామాలో ‘ఎట్’ గుర్తు రెండుసార్లు వస్తుంది. అప్పట్లో హ్యాష్‌ట్యాగ్ తగిలించని రాతలు వెతికినా దొరికేవి కావు. పైగా పరిచయస్థులంతా పాత చోటే ఉండిపోయారు.

పెత్తనం పూర్తిగా పోయిందనుకోవడమూ పొరపాటే, ఎవరి సర్వర్‌కు వాళ్లే పెద్ద. 2019 జులైలో అమెరికాకు చెందిన గ్యాబ్ అనే సామాజిక మాధ్యమం మాస్టొడాన్ సాఫ్ట్‌వేర్‌కే మారినప్పుడు, విద్వేషానికి ఆశ్రయమిస్తోందంటూ అనేక సర్వర్లు దానితో తెగతెంపులు చేసుకున్నాయి. దాన్ని వెలివేయగలిగారే తప్ప మూయించలేకపోయారు.

మస్క్ రాకతో జరిగిన రెండో వలస చాలా పెద్దది. సుమారు 3 లక్షలున్న మాస్టొడాన్ నెలవారీ వాడుకరులు కొద్ది వారాల్లోనే 25 లక్షలు దాటారు. 2022 డిసెంబరులో, వాడుకరులు తమ మాస్టొడాన్ చిరునామాను ప్రొఫైల్లో రాసుకోవడాన్ని కూడా ట్విటర్ నిషేధించి, విమర్శలు రావడంతో ఒక్క రోజులోనే వెనక్కి తగ్గింది.