పాట తెగితే ఫోను పోయినట్టు కాదు: బ్లూటూత్ సౌండ్ మీద అపోహలు - వాస్తవాలు

"అన్నా, బ్లూటూత్ పోయిందంట, ఐసీ మార్చాలంట" అంటూ ఫోను కౌంటరు మీద పెట్టేవాళ్లు కడపలో మా షాపుకు తరచూ వస్తుంటారు. ఐసీ అంటే ఫోను బోర్డు మీద ఉండే చిప్పు. ఎర్రగుంట్ల నుంచి, మైదుకూరు నుంచి పనిగట్టుకుని బస్సెక్కి వస్తారు. అప్పటికే ఎవరో ఒకరు ఇది బోర్డు పని, వేలల్లో ఖర్చవుతుందని భయపెట్టి పంపి ఉంటారు. అలా వచ్చినవాటిలో ఎక్కువ భాగం ఫోను విప్పకుండా సెట్టింగుల్లోనే సరిపోతాయి. కూలి డబ్బు కూడబెట్టి ఫోను కొనుక్కున్న మనిషి చేత అక్కర్లేని ఐసీ మార్పించడం అన్యాయం. మీ చేతిలో ఉన్న ఫోనును ముందు మీరే పరీక్ష చేసుకోవాలని ఇది రాస్తున్నాను.

అపోహ: పాట ఆగి ఆగి వస్తోందంటే ఫోనులో బ్లూటూత్ ఐసీ పోయినట్టే.

ఈ ఒక్క అపోహకే ఎక్కువ డబ్బు పోతోంది. ఇప్పటి స్మార్ట్‌ఫోన్లలో చాలావాటికి వైఫై, బ్లూటూత్ రెండూ ఒకే చిప్పులో ఉంటాయి. ఆ చిప్పు నిజంగా దెబ్బతింటే బ్లూటూత్ బటన్ నొక్కినా ఆన్ కాదు, లేదా ఆన్ అయి వెంటనే ఆఫ్ అవుతుంది. చాలాసార్లు దాంతోపాటు వైఫై కూడా పనిచేయదు. మీ ఫోనులో వైఫై బాగా పనిచేస్తూ, బ్లూటూత్ ఆన్ అవుతూ, ఇయర్‌బడ్ల పేరు కనబడి జత కూడా అవుతుంటే, చిప్పు బతికే ఉందని దాదాపు చెప్పొచ్చు. లోపం వేరే చోట ఉంటుంది.

ఎక్కడుందో తేల్చడానికి ఇంట్లోవాళ్ల ఫోను ఒకటి, పక్కింటివాళ్ల ఇయర్‌బడ్లు ఒక జత చాలు. మీ ఇయర్‌బడ్లను ఇంకో ఫోనుకు కలపండి. అక్కడా తెగితే లోపం ఇయర్‌బడ్లది. అక్కడ బాగా వస్తే ఇంకొకరి ఇయర్‌బడ్లను మీ ఫోనుకు కలిపి చూడండి. అక్కడా బాగానే వస్తే రెండు వస్తువులూ మంచివే, వాటి మధ్య జత కుదరలేదంతే. అప్పుడు ఫోనులో ఆ పేరును "ఫర్గెట్" కొట్టి, ఇయర్‌బడ్లను కూడా రీసెట్ చేసి, కొత్తగా కలపాలి. చాలామంది ఫోనులో మాత్రమే తీసేస్తారు. ఇయర్‌బడ్ల మెమరీలో పాత జత అలాగే ఉండిపోతుంది, మళ్లీ అదే తంతు. రీసెట్ ఎలా చేయాలో ఒక్కో మోడల్‌కు ఒక్కోలా ఉంటుంది కాబట్టి డబ్బాలో వచ్చిన కాగితం పారేయకండి.

ఇంకొకరి ఇయర్‌బడ్లు కూడా మీ ఫోనులో తెగితే అప్పుడు ఫోనును అనుమానించండి. అప్పుడు కూడా ముందు చూడాల్సింది సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, తర్వాత ఫోను వెనుక ఉన్న ఇనుప రింగు, అయస్కాంతం పెట్టిన కవర్ లాంటివి. ఫోను కిందపడి లోపల యాంటెన్నా కనెక్షన్ వదులైన కేసులూ ఉంటాయి. అది ఐసీ మార్పు కంటే చాలా చిన్న పని.

అపోహ: "కనెక్టెడ్" అని చూపిస్తోంది కాబట్టి సౌండు రావాలి, రాలేదంటే వస్తువు పాడైంది.

బ్లూటూత్‌లో పాటలకు ఒక దారి, కాల్స్‌కు ఇంకో దారి. కాల్స్ దారి ఒక్కటే తెరుచుకున్నా ఫోను కనెక్టెడ్ అనే చూపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో జత చేసిన పేరు పక్కనున్న గేర్ గుర్తు నొక్కితే "మీడియా ఆడియో" అనే స్విచ్ కనబడుతుంది. అది ఆఫ్‌లో ఉంటే కాల్ ఇయర్‌బడ్లలో వినిపిస్తుంది, పాట మాత్రం ఫోను స్పీకర్లో మోగుతుంది. ఈ స్విచ్ ఒక్కటి ఆన్ చేస్తే సరిపోయే సందర్భాలు చాలా ఉంటాయి.

రెండోది, ఒకేసారి రెండు ఫోన్లకు కలిసే ఇయర్‌బడ్లు ఇప్పుడు మామూలైపోయాయి. మీ పాట నడుస్తుండగా ఇంట్లో రెండో ఫోనులో పిల్లలు వీడియో పెట్టినా, ఏదైనా మెసేజ్ శబ్దం వచ్చినా సౌండు అటు పోతుంది. రెండో ఫోనులో బ్లూటూత్ ఆపి చూడండి.

మూడోది వాల్యూమ్. ఫోనులో ఫుల్ పెట్టినా సన్నగా వినిపిస్తే, డెవలపర్ ఆప్షన్లలో (సెట్టింగుల్లో దాగి ఉండే అదనపు మెనూ) "డిజేబుల్ అబ్సొల్యూట్ వాల్యూమ్" అనేది ఆన్ చేసి చూడొచ్చు. అప్పుడు ఫోను వాల్యూమ్, స్పీకర్ వాల్యూమ్ విడివిడిగా పనిచేస్తాయి. ఒక్క జాగ్రత్త: ఆన్ చేశాక చెవిలో పెట్టుకునేముందు రెండూ తగ్గించి పెట్టుకోండి, ఒక్కసారిగా గట్టిగా మోగొచ్చు.

అపోహ: డబ్బా మీద 10 మీటర్లు అని రాస్తే 10 మీటర్లూ పాట రావాలి.

ఆ 10 మీటర్లు అడ్డేమీ లేని చోట లెక్క. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద. ఆ తరంగాలను నీళ్లు బాగా పీల్చుకుంటాయి, మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే. ఫోను ప్యాంటు వెనుక కుడి జేబులో పెట్టుకుని, ఎడమ చెవిలో ఒక్క బడ్ పెట్టుకుంటే మధ్యలో మీ ఒళ్లే అడ్డం. దూరం కొద్దిగానే ఉన్నా తెగొచ్చు. ఫోనును చొక్కా జేబులోకి మార్చండి. బయట మైదానంలో నడుస్తున్నప్పుడు తెగి, గదిలో కూర్చుంటే బాగా రావడానికి కారణం కూడా ఇదే. గదిలో గోడలకు తగిలి తిరిగొచ్చే తరంగాలు ఒంటిని చుట్టుకుని చెవికి చేరతాయి. బయట ఆ సాయం ఉండదు. "ఇంట్లో బాగుంది, వాకింగ్‌లో తెగుతాంది" అన్నారంటే ఇయర్‌బడ్లు పాడయ్యాయని తొందరపడను.

మన జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు పాత ఇళ్లు నాపరాళ్లతో కట్టినవి, గోడలు మందం. ఒక గదిలో ఫోను పెట్టి, ఇంకో గదిలో స్పీకర్ పెట్టి పాట రావాలంటే కష్టమే. తలుపు తెరిచి పెడితే తేడా మీకే తెలుస్తుంది.

ఇదే 2.4 గిగాహెర్ట్జ్ మీద వైఫై కూడా నడుస్తుంది. బ్లూటూత్ ఆ పట్టీని 79 చానళ్లుగా విడగొట్టి, సెకనుకు 1600 సార్లు చానల్ మారుస్తూ పోతుంది. రద్దీగా ఉన్న చానళ్లను వదిలేసి మిగిలినవాటిలో తిరిగే తెలివి కూడా దానికుంది. ఒక్క వైఫై రూటర్ దాదాపు 20 చానళ్ల జాగా తీసుకుంటుంది. ఇంట్లో ఒకటుంటే సర్దుకుంటుంది. ఒకే అంతస్తులో నాలుగైదు రూటర్లున్న హాస్టల్లో ఊపిరాడదు. రూటర్లో 5 గిగాహెర్ట్జ్ ఉంటే ఫోనును దానికి మార్చండి, బ్లూటూత్‌కు దారి ఖాళీ అవుతుంది.

ఖరీదైన ఇయర్‌బడ్లు కొన్నవాళ్లకు ఇంకో మాట. ఎల్‌డీఏసీ లాంటి హెచ్‌డీ ఆడియో కోడెక్ (శబ్దాన్ని కుదించి పంపే పద్ధతి) గరిష్ఠంగా సెకనుకు 990 కిలోబిట్లు పంపుతుంది. మామూలు ఎస్‌బీసీ అయితే 328 దగ్గరే ఆగుతుంది. సిగ్నల్ సన్నబడినప్పుడు ఎక్కువ డేటా మోసేదే ముందు తెగుతుంది. బస్టాండు, సంత లాంటి రద్దీలో "హెచ్‌డీ ఆడియో" స్విచ్ ఆపితే పాట నిలకడగా వస్తుంది. ఆ గోలలో నాణ్యత తేడా చెవికి తెలియదు కూడా.

అపోహ: స్క్రీన్ ఆఫ్ చేస్తే పాట ఆగుతోంది, బ్లూటూత్ వీక్.

వాస్తవం: ఆపేది బ్లూటూత్ కాదు, ఫోను బ్యాటరీ పొదుపు. కొన్ని కంపెనీల ఫోన్లు వెనకాల నడిచే యాప్‌లను నిర్దాక్షిణ్యంగా మూసేస్తాయి. పాటల యాప్ "యాప్ ఇన్ఫో"లోకి వెళ్లి బ్యాటరీ కింద "అన్‌రెస్ట్రిక్టెడ్" పెట్టండి. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే అదీ ఆపండి.

అపోహ: గేమ్ తెరవగానే, కాల్ రాగానే సౌండు డొల్లగా మారితే ఇయర్‌బడ్లు డూప్లికేట్.

మైకు పనిచేయాల్సి వచ్చిన క్షణాన ఫోను పాటల దారి వదిలి కాల్స్ దారిలోకి మారుతుంది. పాతకాలం కాల్స్ దారిలో శబ్దం 8 కిలోహెర్ట్జ్ (సెకనుకు 8 వేల) నమూనాలతో, మెరుగైనదాంట్లో 16 కిలోహెర్ట్జ్ నమూనాలతో నడుస్తుంది. పాటలకు వాడేది మామూలుగా 44.1 కిలోహెర్ట్జ్. మాటకు చాలినంతే ఉంటుంది, సంగీతానికి చాలదు. గేమ్‌లో వాయిస్ చాట్ ఆన్ చేస్తే ఇదే జరుగుతుంది. గేమ్ సెట్టింగుల్లో మైకు ఆపండి, లేదా మైకును ఫోనుకు మార్చే వీలుంటే మార్చండి, సౌండు వెంటనే నిండుగా వస్తుంది. అసలు వస్తువునే డూప్లికేట్ అనుకుని తిరిగిచ్చేసినవాళ్లున్నారు.

గేమ్‌లో తుపాకీ పేలిన కాసేపటికి శబ్దం రావడం కూడా జబ్బు కాదు. శబ్దాన్ని కుదించి, పంపి, విప్పడానికి సెకనులో ఐదో వంతు దాకా పడుతుంది. వీడియో యాప్‌లు బొమ్మను ఆ మేరకు ఆలస్యం చేసి సరిచేస్తాయి, గేములు చేయలేవు. గేమ్ మోడ్ ఉంటే వాడండి, లేదంటే వైరు ఇయర్‌ఫోన్సే మేలు.

అపోహ: బ్లూటూత్ 5.3 అని రాసుంటే 5.0 కంటే సౌండు బాగుంటుంది.

సౌండు నాణ్యత ఆ అంకెతో రాదు. కోడెక్, లోపలి స్పీకర్ డ్రైవర్ (శబ్దం పుట్టించే భాగం), చెవికి బిగుతుగా కుదిరే రబ్బరు ముక్క, ఇవి నిర్ణయిస్తాయి. 2016లో 5.0 వచ్చినప్పుడు చెప్పిన రెట్టింపు వేగం, నాలుగింతల దూరం అన్నవి బ్లూటూత్‌లో "లో ఎనర్జీ" (తక్కువ కరెంటుతో నడిచేది) అనే విభాగానివి. పాటలు మాత్రం చాలా వస్తువుల్లో ఇంకా పాత క్లాసిక్ పద్ధతిలోనే పోతున్నాయి. 2020లో ప్రకటించిన ఎల్ఈ ఆడియో (లో ఎనర్జీ మీద పాటలు పంపే పద్ధతి), దాని ఎల్‌సీ3 కోడెక్ కావాలంటే ఫోను, ఇయర్‌బడ్లు రెండింటిలోనూ ఆ సౌకర్యం ఉండాలి.

అపోహ: ఒక పక్క సన్నగా వినిపిస్తే ఆ బడ్ కాలిపోయింది.

మన దగ్గర దీనికి మొదటి కారణం దుమ్ము. నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ల ఇయర్‌బడ్ల జాలీ తెల్లటి పొడితో మూసుకుపోయి వస్తుంది. దానికి చెవి గులిమి తోడైతే గట్టిపడిపోతుంది. మెత్తటి పొడి బ్రష్‌తో, జాలీ కిందివైపు ఉండేలా పట్టుకుని రుద్దండి. పిన్నీసుతో పొడవొద్దు, జాలీ చిరిగి డ్రైవర్ పోతుంది. నోటితో ఊదొద్దు, తడి లోపలికి పోతుంది.

దుమ్ము లేకపోతే ఫోను సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ కింద ఎడమ-కుడి బ్యాలెన్స్ గీత మధ్యలో ఉందో లేదో చూడండి. పిల్లల చేతిలో అది పక్కకు జరిగిపోతుంటుంది.

ఒక బడ్ అసలు ఆన్ కాకపోతే కేసులో చార్జింగ్ ఇచ్చే లోహపు చుక్కలు చూడండి. చెమట ఉప్పు పట్టి చార్జింగ్ ఎక్కదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడిస్తే చాలు. ఎండాకాలంలో కేసును కారు డ్యాష్‌బోర్డు మీద, బండి ట్యాంకు కవర్లో వదిలేయకండి. 45 డిగ్రీలు దాటిన వేడి లిథియం బ్యాటరీకి చేటు, కేసులో చార్జ్ అవుతుంటే ఇంకా చేటు. మన మే నెలలో మూసిన కారు లోపల అంతకంటే ఎక్కువే ఉంటుంది.

అపోహ: ఆటోలో పెట్టిన బ్లూటూత్ బోర్డు రెండడుగులకే తెగుతోంది, ఫోను మార్చాలి.

ఈ బోర్డులకు యాంటెన్నా అంటే అంచున పాములా వంకరలు తిరిగిన రాగి గీతే. దాన్ని ఇనుప డబ్బాలో బిగిస్తే తరంగం బయటికే రాదు. యాంటెన్నా ఉన్న అంచు ప్లాస్టిక్ ముఖం వైపు, ఇనుముకు దూరంగా ఉండేలా తిప్పి బిగించండి. ఇంజన్ రేస్ చేసిన కొద్దీ "కీ..." అని పెరిగే మోత కూడా బ్లూటూత్‌ది కాదు, కరెంటు లైన్లోంచి వచ్చేది. బోర్డుకు, యాంప్లిఫయర్‌కు బ్యాటరీ నుంచి నేరుగా వైరు వేయించి, ఎర్త్ ఒకే చోట కలిపించండి. 5 వోల్టుల బోర్డయితే బీ0505 ఐసోలేటర్ ముక్క (రెండువైపుల కరెంటు లైన్లను వేరుచేసేది) మధ్యలో పెడితే గరగర చాలావరకు పోతుంది. అది తక్కువ ఖర్చులో అయిపోయే పని.

అపోహ: బ్లూటూత్ రేడియేషన్‌తో చెవులు పోతాయి.

ఇయర్‌బడ్ పంపే శక్తి మిల్లీవాట్లలో ఉంటుంది, చెవికి ఆనించుకునే ఫోను అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ పంపగలదు. చెవిని పాడుచేసేది వాల్యూమ్. 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిన హద్దు. శబ్దం పెరిగిన కొద్దీ ఆ గంటలు వేగంగా తగ్గిపోతాయి. పిల్లల ఫోనులో వాల్యూమ్ లిమిట్ పెట్టండి.

అపోహ: రీసెట్ కొడితే ఫొటోలు, వాట్సాప్ అన్నీ పోతాయి.

అన్నీ పోయేది ఫ్యాక్టరీ రీసెట్‌తో. బ్లూటూత్ కోసం చేయాల్సింది అది కాదు. సెట్టింగుల్లో రీసెట్ ఆప్షన్ల కింద వైఫై, బ్లూటూత్‌లకు మాత్రమే వేరే రీసెట్ ఉంటుంది, కంపెనీని బట్టి పేరు కాస్త మారుతుంది. దానితో పోయేవి దాచుకున్న వైఫై పాస్‌వర్డులు, జత చేసిన పరికరాల పేర్లు. ఫొటోలు, నంబర్లు, మెసేజ్‌లు అలాగే ఉంటాయి. మధ్యలో ఈ-సిమ్ తీసెయ్యాలా అని అడిగితే మాత్రం ఆ టిక్ పెట్టకండి. ఇది చేశాక కూడా రెండు జతల ఇయర్‌బడ్లతోనూ తెగుతుంటే అప్పుడు షాపుకు రండి. వచ్చేటప్పుడు ఫోనుతోపాటు ఇయర్‌బడ్లు, వాటి కేసు కూడా తీసుకురండి. ఐసీ పోయిందని ఎవరైనా అంటే, వైఫై ఆన్ చేసి చూపించమని అడగండి.