ఎనిమిదో నెలకే కుడిచేతి వాటమా?

చంద్రగిరి నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది: “మా బాబుకు ఎనిమిదో నెల. ఏది ఇచ్చినా కుడిచేత్తోనే అందుకుంటాడు. ఎడమ పక్కన గిలక్కాయ పెట్టినా ఒళ్ళంతా తిప్పి కుడిచెయ్యే చాపుతాడు. ఎవరూ నేర్పకుండానే కుడిచెయ్యి అలవాటైందని మా అత్తగారికి ఎంతో సంతోషం. నాకే మనసు ఒప్పడం లేదు. ఇది మామూలేనా?”

మామూలు కాదు. ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకు చూపించమని ఆమెకు వెంటనే చెప్పాను. మిగతా తల్లిదండ్రులకూ తెలియాలని ఇది రాస్తున్నాను.

మన ఇళ్ళలో బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు పంచుతారు. నాకు చాలా ఇష్టమైన ఆచారం ఇది. బిడ్డ ఎదుగుదలలో ఒక్కో మెట్టునూ ఇంటిల్లిపాదీ, వీధి వీధంతా గుర్తుపెట్టుకునేలా చేస్తుంది. అయితే రెండో చెయ్యి కూడా పనిలోకి దిగిందా లేదా అన్నదానికి ఏ పిండివంటా లేదు. అందుకే ఆ సంగతి ఎవరి లెక్కలోకీ రాదు.

కాళ్ళ సంగతి త్వరగా చెప్పేస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా ఐదు దేశాల పిల్లలను గమనించి 2006లో ప్రచురించిన లెక్కల ప్రకారం ఆధారం లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య, సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. నూటికి నలుగురు మోకాళ్ళ మీద పాకనే లేదు, కాబట్టి పాకలేదన్న ఒక్క కారణానికే దిగులు వద్దు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఆ తక్కువైన వారాలను తీసేసి వయసు లెక్కించాలి. ముప్ఫై రెండో వారంలో పుట్టిన బిడ్డకు ఎనిమిదో నెల వచ్చిందంటే ఆరో నెల కిందే లెక్క. నాలుగు నెలలు దాటినా మెడ నిలవకపోయినా, కాళ్ళు బిగుసుకుని కత్తెర పడుతున్నా, అంతకుముందు చేసిన పనులు చేయడం మానేసినా వయసు పట్టికలు చూస్తూ కూర్చోకూడదు.

ఇక చేతుల దగ్గరికి వద్దాం. పాఠ్యపుస్తకాల్లో ‘కుడి మెదడు ఎడమ శరీరాన్ని, ఎడమ మెదడు కుడి శరీరాన్ని నియంత్రిస్తుంది’ అని ఒక్క వాక్యం ఉంటుంది. పిల్లలు దాన్ని బట్టీ పడతారు, పరీక్షలో రాస్తారు, అంతటితో సరి. ఆ ఏర్పాటు పుట్టుకతోనే సిద్ధంగా ఉండదని, మొదటి రెండేళ్ళలో పోటీ పడి కుదురుకుంటుందని చెబితే ఆ వాక్యానికి ప్రాణం వస్తుంది.

మెదడు పైపొరలోని చలన ప్రాంతం నుంచి వెన్నుపాముకు నాడీ తంతువులు దిగుతాయి. మెదడు వెన్నుపాముతో కలిసే మజ్జాముఖం దగ్గర పదింట సుమారు తొమ్మిది తంతువులు అవతలి వైపుకు దాటుతాయి. పెద్దవాళ్ళలో చేతిని నడిపేది ప్రధానంగా ఈ దాటిన దారే. ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జానెట్ ఐర్ బృందం శిశువుల తల దగ్గర అయస్కాంత ప్రేరణ ఇచ్చి కండరాల స్పందనలను కొలిచింది. పుట్టిన కొత్తలో మెదడులో ఒక సగం నుంచి రెండు చేతులకూ సంకేతాలు దాదాపు సమానంగా అందుతాయని, రెండేళ్ళు వచ్చేసరికి అదే వైపు చేతికి వెళ్ళే దారి బాగా బలహీనపడుతుందని తేలింది.

ఉమ్మడి చిత్తూరు జిల్లా చెరువుల సీమ కాబట్టి ఇలా ఊహించండి. రెండు చెరువులు, రెండు మళ్ళు. చెరువులు మెదడు సగాలు, మళ్ళు చేతులు. ప్రతి చెరువు నుంచీ రెండు కాలువలు: ఒకటి అవతలి మడికి, ఇంకొకటి తన పక్కనున్న మడికి. అంటే ప్రతి మడికీ రెండు చెరువుల నీళ్ళూ చేరతాయి. జోరుగా పారే కాలువ ఒరుసుకుని లోతవుతుంది. పారకం తగ్గిన కాలువ పూడిపోతుంది. మామూలు బిడ్డలో అవతలి మడికి వెళ్ళే కాలువలు గెలుస్తాయి. ఇప్పుడు ఒక చెరువుకు గండి పడిందనుకోండి. అవతలి మడికి దాని నీళ్ళు సన్నగిల్లుతాయి. అదే సమయంలో మంచి చెరువు నుంచి పక్క మడికి వచ్చే కాలువకు పోటీ లేకుండా పోతుంది. అది బలిసి, గండి పడ్డ చెరువు నుంచి ఇంకా కొద్దో గొప్పో పారుతున్న కాలువను కూడా పక్కకు నెట్టేస్తుంది. గండి వల్ల జరిగిన నష్టం ఒకటి, ఆ తరువాత పోటీలో ఓడిపోవడం వల్ల జరిగే నష్టం మరొకటి. పూడిన కాలువకైతే వేసవిలో పూడిక తీయవచ్చు. వెనక్కి తగ్గిన నాడీ తంతువును మళ్ళీ అంత సులువుగా తవ్వి తెచ్చుకోలేం. వారాలూ నెలలూ ఇంత విలువైనవి కావడానికి కారణం ఇదే.

న్యూయార్క్‌లో జాన్ మార్టిన్ బృందం పిల్లి కూనల మీద చేసిన ప్రయోగాలు దీనికి బలమైన సాక్ష్యం. తొలి వారాల్లో చలన ప్రాంతంలో ఒక పక్కను మందుతో కొంతకాలం పని చేయనీయకుండా ఆపారు. మందు ఆపేసినా ఆ పక్క తంతువులు తమ చోటును తిరిగి సంపాదించుకోలేకపోయాయి. తరువాత రెండో పక్కను కొంతకాలం ఆపితే ఓడిన పక్క తేరుకుంది. పని ఉన్న తంతువే నిలుస్తుందని ఇంతకన్నా స్పష్టంగా చూపించడం కష్టం.

‘పుట్టినప్పుడు డాక్టరు అంతా బాగుందన్నారే’ అని తల్లిదండ్రులు ఆశ్చర్యపోతారు. ఆ డాక్టరు చూసింది నిజమే. నవజాత శిశువు గుప్పిట పట్టడం, ఉలిక్కిపడి చేతులు చాపడం ఎక్కువగా మెదడు కాండం, వెన్నుపాము చేసే పనులు. పైపొర దెబ్బతిన్నా అవి రెండు వైపులా సమానంగానే కనిపించవచ్చు. నాలుగైదు నెలలకు బిడ్డ కావాలని వస్తువు కోసం చెయ్యి చాపడం మొదలుపెట్టాకే తేడా బయటపడుతుంది.

పుట్టుక సమయంలో మెదడు రక్తనాళంలో అడ్డు ఏర్పడి వచ్చే స్ట్రోకు ఎడమ మెదడులో ఎక్కువగా కనిపిస్తుంది. అప్పుడు బలహీనపడేది కుడిచెయ్యి. బిడ్డ ఎడమచెయ్యి వాడితే ‘పురచెయ్యి’ అని పెద్దలు కట్టడి చేస్తారు, కొందరు గుడ్డ కూడా కడతారు. ఉన్న ఒక్క మంచి చేతినీ కట్టేస్తే ఆ బిడ్డ ఏం చేయగలడు? బలహీనపడింది ఎడమచెయ్యి అయితే మరీ ప్రమాదం, ఎందుకంటే కుడిచెయ్యి వాడుతున్న బిడ్డను అనుమానించేవారే ఉండరు. ఇంకొందరు దిష్టి అని తాయెత్తు కడతారు. తాయెత్తు వల్ల చేతికి హాని లేదు, అది పని చేస్తుందేమోనని ఎదురుచూసిన నెలల వల్ల తీరని హాని ఉంది.

నిజమైన చేతివాటం ఏడాదిన్నర తరువాత నెమ్మదిగా స్థిరపడుతుంది. ఏడాది నిండకముందే ఒక చెయ్యి పూర్తిగా పెత్తనం చేస్తోందంటే చూడవలసింది రెండో చేతిని. బిడ్డను ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకుని బొమ్మను ఒకసారి మధ్యలో, ఒకసారి ఎడమన, ఒకసారి కుడిన చూపించండి. ఒక చేతిలో బొమ్మ ఉండగా రెండోది ఇవ్వండి. రెండో చెయ్యి వస్తోందా, లేక బొటనవేలు లోపలికి ముడుచుకుని గుప్పిటలాగే ఉండిపోతోందా? చొక్కా తొడిగేటప్పుడు ఒక చెయ్యి ఎక్కువ బిగుసుకుంటోందా? ఒక రోజు ఒక చెయ్యి ఎక్కువ వాడితే ఫరవాలేదు, రోజూ అదే పక్క అయితే ఫోనులో వీడియో తీసి డాక్టరుకు చూపించండి. కారణం మెదడే కానక్కరలేదు. కాన్పులో భుజం దగ్గరి నరాలు సాగినా చెయ్యి కదలదు, కాకపోతే అది పుట్టినప్పటి నుంచే కనిపిస్తుంది.

పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, 2013 నుంచి నడుస్తోంది. అభివృద్ధి లోపాలను ముందే పట్టుకోవడం దాని లక్ష్యాల్లో ఒకటి. అంగన్‌వాడీలో అడిగితే ఆ పథకం వైద్య బృందం ఎప్పుడు వస్తుందో చెబుతారు. తిరుపతి రుయా ఆస్పత్రి పిల్లల విభాగంలో నేరుగా చూపించుకోవచ్చు. తల్లీబిడ్డల రక్షణ కార్డు, కాన్పు కాగితాలు తీసుకువెళ్ళండి.

మంచి చేతికి రోజూ కాసేపు మెత్తని తొడుగు వేసి, రెండో చేతితో ఆటలు ఆడించే చికిత్స ఏడాదిలోపు పిల్లలకు కూడా ఉంది. అది ఫిజియోథెరపిస్టు లేదా ఆక్యుపేషనల్ థెరపిస్టు చెప్పిన కొలతలోనే జరగాలి. రోజంతా కట్టేస్తే మంచి చేతి తంతువులూ పోటీలో వెనకబడవచ్చు. ఎం.ఆర్.ఐ. రిపోర్టు వచ్చేదాకా, జబ్బుకు పేరు ఖాయమయ్యేదాకా ఆగవలసిన పని లేదు. సెరిబ్రల్ పాల్సీ (ఎదిగే మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పే స్థితి) కావచ్చన్న బలమైన అనుమానం ఉంటే చాలు, చికిత్స మొదలుపెట్టాలని ఇప్పటి వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. డాక్టరు ‘ఇంకో ఆరు నెలలు చూద్దాం’ అంటే, ఈలోగా థెరపీ మొదలుపెట్టవచ్చా అని అడగండి.