ఊడ దిగే వేళకు వాన

సీమ కథలో సస్పెన్స్ ఎక్కడుందో పట్టుకోవాలంటే ముందు శెనక్కాయ చెట్టు సంగతి తెలియాలి. విత్తిన నెలకు అటూ ఇటూగా పసుప్పచ్చ పూలు పూస్తుంది. పొద్దున విచ్చుకున్న పువ్వు ఆ రోజే వాడిపోతుంది. మామూలు మొక్కయితే అక్కడే పిందె పడాలి. దీని పద్ధతి వేరు. పువ్వు మొదట్లోంచి సన్నటి ఊడ బయల్దేరి, కిందికి వంగి, మట్టిలోకి దిగుతుంది. కాయగా మారేది ఆ ఊడ కొనే. అదీ మట్టిలోకి నాలుగైదు సెంటీమీటర్లు పోయి, చీకటి తగిలాకే. కొమ్మకు మరీ పైన పూసిన పూల ఊడలు నేలను అందుకోలేక గాల్లోనే ఎండిపోతాయి. కాయకు కావాల్సిన కాల్షియం కూడా వేళ్ల దారిన దాదాపుగా రాదు, చుట్టూ ఉన్న మట్టి నుంచి కాయే పీల్చుకోవాలి. జిప్సం చల్లేది అందుకే. మట్టిలో పదును లేకపోతే అదీ వృథా.

ఊడలు దిగే ఆ రెండు మూడు వారాల్లో వాన మొహం చాటేస్తే ఎర్రనేల బిగుసుకుపోతుంది. పైన ఆకు మాత్రం ఇంకా పచ్చగానే ఉంటుంది. బస్సులో పోయేవాడికి చేను బ్రహ్మాండంగా కనిపిస్తుంది, చెట్టు పీకి చూసిన రైతుకే గుండె జారుతుంది. పచ్చటి చేను గట్టున మనిషి దిగులుగా కూర్చుంటే బయటి పాఠకుడికి ఏమర్థమవుతుంది? సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామి లాంటి అనంతపురం కథకులను చదవాలంటే ఈ లెక్క తెలిసుండాలి. అక్కడ విలన్‌గా ఎవరూ రానక్కర్లేదు. మొబ్బు కమ్మి, నాలుగు చినుకులు రాల్చి విడిచిపోతే చాలు.

అనంతపురంలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే చాలావరకు కురిసేస్తాయి, ఈశాన్య మేఘాలు తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి నీరసిస్తాయి. అయినా అసలు కష్టం ఆ అంకె చిన్నదవడం ఒక్కటే కాదు. ఆగస్టులో ఎండగట్టి, అక్టోబరులో కుమ్మరించినా ఏడాది చివర లెక్క సరిపోతుంది. కాగితం మీద కరువుండదు, ఇంట్లో గింజలుండవు. సగటులో కనపడని ఆ మూడు వారాలు సీమ కథలో మాత్రం దొరుకుతాయి. పర్యావరణ సాహిత్యం అనగానే చెట్ల మీద కవిత్వం వెతికేవాళ్లు ఈ సంగతి ఎందుకు వదిలేస్తారో నాకు అంతుపట్టదు.

వాతావరణ మార్పుకు ఆధునిక నవల మొహం చాటేస్తోందని 2016లో ఇంగ్లీషు నవలాకారుడు అమితావ్ ఘోష్ ఒక పుస్తకమే రాశాడు. ఉన్నట్టుండి విరుచుకుపడే తుఫాను వాస్తవిక నవలలో ఇమడదన్నది ఆయన వాదనలో ఒక ముక్క. సీమకు ఆ ఇబ్బంది తక్కువ. కరువు ఒక్కరోజు సంఘటన కాదు, అప్పుకు వడ్డీ పెరిగినట్టు నెమ్మదిగా పెరుగుతుంది. ఇక బోరు సంగతి సరేసరి. గట్టి రాతినేలలో నీళ్లుండేది పగుళ్లలోనే. ఒకరి బోరు పోస్తుంటే పక్క చేలో దుమ్ము లేవడం కథకుడి కల్పన కాదు.

చేను దాటి అడవిలోకి పోయిన నవల కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి రాసిన 'కొండపొలం'. ఊళ్లో మేత, నీళ్లు కరువైనప్పుడు కాపరులు గొర్లను నల్లమలకు తోలుకుపోవడం అందులో కథ. అయితే నల్లమలంటే పెద్ద చెట్లు, పెద్దపులి. వాటి పక్కన కంపచెట్ల బీడును ఎవరు పట్టించుకుంటారు? కలివికోడి ఉండేది అక్కడే. 1900 తర్వాత దశాబ్దాల పాటు ఎవరికీ కనపడక, అంతరించిందనుకున్న ఈ పిట్ట 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్లీ కనిపించింది. రాత్రుళ్లు తిరుగుతుంది. కంప మరీ చిక్కబడినా, మొత్తం నరికేసినా దానికి గిట్టదు, పొదల మధ్య ఖాళీ నేల కావాలి. పశువులు, మేకలు కొంత మేస్తే, వంటచెరుకు కొంత కొడితే ఆ ఖాళీలు నిలుస్తాయి. శ్రుతి మించితే పొదలే మిగలవు. అంటే మేకల్ని తోలుకొచ్చే కాపరి ఆ పిట్టకు ఒకచోట మేలు చేస్తాడు, ఇంకోచోట కీడు చేస్తాడు. అతన్ని ఆపే ఫారెస్టు గార్డు సంగతీ అంతే. ఇద్దరిలో ఎవరిది న్యాయమో తేలని ఈ తగువు కంటే నవలకు మంచి సరుకేముంటుంది?