మలుపులో బేరింగు మోసే బరువు

మిర్యాలగూడకు చెందిన నా పాత విద్యార్థి ఒకడు ఇంట్లోని ఆల్టోను చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ మీద నడపాలని పూనుకొని, ముందుగా ఏమేమి మార్చాలో చెప్పమని అడిగాడు. స్ప్రింగులు కోయించి, చక్రాలకు స్పేసర్లు (చక్రాన్ని బయటికి జరిపే లోహపు బిళ్లలు) వేయిస్తే చాలని మెకానిక్ చెప్పాడట. ఇంజను సంగతి వాడు అడగలేదు, నాకూ దాని మీద ఆసక్తి లేదు. నా దృష్టంతా చక్రాన్ని పట్టి ఉంచే హబ్ మీద, అందులోని బేరింగు మీదనే ఉంటుంది.

యాదగిరిగుట్టలో కొత్త బండికి పూజ చేయించి, టైరు కింద నిమ్మకాయ పెట్టి తొక్కిస్తారు. దానివల్ల బేరింగుకు ఒరిగేదేమీ లేదు గాని, నిమ్మకాయ నలిగిన చోటును గుర్తుంచుకోవాలి. మలుపులో రోడ్డు చక్రాన్ని పక్కకు నెట్టేది అరచేయంత ఆ చోటునుంచే. 145/80 ఆర్12 టైరుకైతే హబ్ కేంద్రం దానికి దాదాపు 26 సెం.మీ. ఎత్తున ఉంటుంది. డ్రైవరుతో కలిపి 800 కిలోలుండే కారు వేగంగా మలుపు తిరిగినప్పుడు, బయటివైపు ముందు చక్రం మీద పక్కబలం 250 కిలోల బరువంత ఉందనుకుందాం. బండను పెకలించే గడ్డపారకు ఒకవైపు పొడవు, మరోవైపు పొట్టి ఉన్నట్టే ఇక్కడా ఉంటుంది: పొడవు వైపు 26 సెం.మీ. అయితే, పొట్టి వైపు బేరింగులోని రెండు బంతుల వరుసల ఆనికల మధ్య దూరం, అది 5 సెం.మీ. అనుకుంటే, ఒక్కో వరుస మీద 1300 కిలోల బరువు పడుతుంది. మొత్తం కారు కంటే అది ఎక్కువ! ఇంటర్‌లో టార్క్ పాఠానికి తలుపు బొమ్మ గీసి సరిపెట్టే మేము ఈ లెక్క ఎన్నడూ చేయించలేదు. బండి చేసే వడ్లాయన మాత్రం ఏ పాఠమూ వినకుండానే చక్రం నడిమి మొద్దును పొడవుగా ఉంచేవాడు, పొట్టిదైతే చక్రం ఊగుతుందని అతనికి తెలుసు.

బాల్ బేరింగు ఆయుష్షు దాని మీది భారం ఘనానికి విలోమానుపాతంలో ఉంటుంది. మంచి పట్టున్న టైర్లు వేసి పక్కబలాన్ని పావు వంతు పెంచితే 1.25 ఘనం 1.95, అంటే ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. స్పేసర్ వేస్తే చక్రం బయటికి జరిగి, తిన్నని దారిలో కూడా బరువు బేరింగు నడుమనుంచి తప్పుతుంది. గుంతలో పడ్డ ప్రతిసారీ ఆ తప్పిన దూరం దెబ్బను పెంచుతుంది. కాబట్టి స్పేసర్లు వద్దన్నాను.

స్ప్రింగును గ్రైండరుతో కోస్తే చుట్లు తగ్గి అది గట్టిపడే మాట నిజమే. అయితే కారు మరీ కిందికి దిగినప్పుడు స్ట్రట్ సస్పెన్షన్‌లో (స్ప్రింగూ షాక్ అబ్సార్బరూ ఒకే నిలువు కడ్డీగా ఉండే అమరికలో) చక్రాన్ని బాడీకి కలిపే కింది ఆర్మ్ చక్రం వైపు పైకి వాలి, కారు ఏ కేంద్రం చుట్టూ ఒరుగుతుందో ఆ కేంద్రం బాడీ దిగినదానికంటే ఎక్కువ దిగిపోతుంది, దాని నుంచి గరిమనాభి వరకు ఉండే దూరం, అంటే ఒరిగించే చేయి పొడవు, పెరుగుతుంది. గట్టి స్ప్రింగులు వేస్తే మలుపులో బయటి చక్రాల మీదికి మారే మొత్తం బరువు తగ్గుతుందనుకోవడం కూడా పొరపాటే. అది గరిమనాభి ఎత్తు మీద, చక్రాల మధ్య వెడల్పు మీద ఆధారపడుతుంది. గట్టి స్ప్రింగులూ వాటికి సరిపడే షాక్ అబ్సార్బర్లూ చేసే మేలు వేరు: ఒరుగుడు తగ్గి, టైరు అంచు మీద కాకుండా వెడల్పంతా నేలను పట్టుకుంటుంది.

నార్కెట్‌పల్లి దాటాక హైవే మీద వాడి కారులో కూర్చున్నాను. వేగంతో పాటు ఒక హోరు పెరిగింది. స్టీరింగు కొంచెం కుడికి తిప్పితే ఇంకా హెచ్చింది, ఎడమకు తిప్పితే తగ్గింది. కుడికి తిరిగినప్పుడు బరువు ఎడమ చక్రాల మీదికి వస్తుంది గనుక ఎడమ ముందు బేరింగును అనుమానించాము. జాకీ మీద లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపితే టకటకమంది. విప్పి చూస్తే, బంతులు తిరిగే దారిలో సమదూరాల్లో చిన్న చిన్న నొక్కులు ఉన్నాయి. ఎవరో వెలుపలి రింగును వదిలి లోపలి రింగు మీద సుత్తితో కొట్టి దాన్ని బిగించారు, ఆ దెబ్బలు బంతుల మీదుగా పోయి ఈ నొక్కులు పడ్డాయి. కొత్త బేరింగును ప్రెస్ కింద పెట్టినప్పుడు ఆ పాతదాని వెలుపలి రింగునే మీద ఆనించి నొక్కించాము.