ఇన్సూరెన్స్ లేకుండా పోలీసులకు చిక్కితే: కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను మోటారు ప్రమాద పరిహారం కేసులు వాదించే న్యాయవాదిని. "పోలీసులు ఆపారు, బండికి ఇన్సూరెన్స్ లేదు, ఎంత కట్టాలి?" అని అడిగేవాళ్లు నాకు తరచూ ఎదురవుతుంటారు. జవాబు చిన్నదే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 196 ప్రకారం మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే జరిమానా 4,000. కానీ ఆ ప్రశ్న వెనుక పేరుకుపోయిన అపోహలు అంత చిన్నవి కావు.

అపోహ: కాగితం దగ్గర లేకపోతే ఇన్సూరెన్స్ లేనట్టే.

వాస్తవం: కాదు. ప్రభుత్వ యాప్‌లైన డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో చూపించిన పత్రం చెల్లుతుంది. ఫోను ఆగిపోయి అదీ చూపలేకపోతే సెక్షన్ 158 మీకు ఏడు రోజుల గడువు ఇస్తుంది. ఏ పోలీస్ స్టేషన్‌లో చూపిస్తారో ఆపిన అధికారికి అప్పుడే చెప్పి, ఆలోగా అక్కడ పత్రం చూపిస్తే, చూపలేదన్న కారణంతో మీకు శిక్ష పడదు. అయితే మిమ్మల్ని ఆపిన సమయానికి ఆ పాలసీ అమల్లో ఉండి తీరాలి.

అపోహ: ఆపగానే పక్కకు వెళ్లి ఫోనులో పాలసీ కొనేస్తే సరిపోతుంది.

వాస్తవం: పాలసీ పత్రం తెరిచి చూడండి. మొదలయ్యే తేదీ పక్కనే గంటలు, నిమిషాలు కూడా ఉంటాయి. వాటికి ముందు జరిగిన దేనికీ ఆ పాలసీ పనికిరాదు. ప్రమాదం జరిగాక అదే రోజు తీసుకున్న పాలసీ ఆ ప్రమాదానికి వర్తించదని సుప్రీంకోర్టు 1997లోనే తేల్చింది. చలానా విషయంలోనూ అంతే. అయినా కొనండి, ఇంటికి వెళ్లే దారిలో మీ వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే అదే ఆదుకుంటుంది.

అపోహ: గడువు ముగిశాక 90 రోజుల వెసులుబాటు ఉంటుంది.

వాస్తవం: ఆ 90 రోజులు నో క్లెయిమ్ బోనస్‌కు, అంటే క్లెయిమ్ చేయనివారికి ప్రీమియంలో ఇచ్చే రాయితీకి సంబంధించినవి. ఆలోగా రెన్యూవల్ చేస్తే పాత రాయితీ పోదు, అంతే. ఈలోపు రోడ్డెక్కితే మీది బీమా లేని బండే.

దీనికి తలకిందులుగా, బీమా ఉన్నా ముగిసిపోయిందేమోనని భయపడేవాళ్లూ ఉన్నారు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల, కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా (మీ బండి వల్ల ఇతరులకు జరిగే నష్టాన్ని భరించేది) తప్పనిసరి అయింది. వీటిలో చాలావాటికి ఓన్ డ్యామేజ్ భాగం, అంటే మీ సొంత బండికి జరిగే నష్టాన్ని భరించేది మాత్రం ఏడాదికే ముగుస్తుంది. అందుకే పత్రంపై రెండు గడువులు కనిపిస్తాయి. చట్టం అడిగేది థర్డ్ పార్టీ బీమానే. అది అమల్లో ఉంటే పోలీసులకు ఆ తేదీని చూపించండి, అనవసరంగా చలానా కట్టకండి.

అపోహ: తప్పు నడిపినవాడిదే, బండి ఇచ్చినవాడికి సంబంధం లేదు.

వాస్తవం: సెక్షన్ 196 నడిపినవారితో పాటు నడపనిచ్చినవారినీ పట్టుకుంటుంది. బావమరిదికి తాళం ఇచ్చేముందు పాలసీ తేదీ చూసుకోవాల్సింది మీరే.

అపోహ: రెండు వేలే కదా, ప్రీమియం కట్టే బదులు దొరికినప్పుడు జరిమానా కట్టుకుంటే పోయె.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టే మాట ఇదే. లెక్క వేసి చూపిస్తాను. నెలకు 15,000 రూపాయలు సంపాదించే 30 ఏళ్ల స్వయం ఉపాధి కార్మికుడు మీ బండి కింద పడి చనిపోయాడనుకోండి. అతనికి భార్య, ఇద్దరు పిల్లలు. ఏడాది ఆదాయం 1.80 లక్షలు. భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలిపితే 2.52 లక్షలు. అతని సొంత ఖర్చుల కింద మూడో వంతు తీసేస్తే 1.68 లక్షలు. అతని వయసుకు సుప్రీంకోర్టు ఖరారు చేసిన గుణకం 17. హెచ్చిస్తే 28.56 లక్షలు. అంత్యక్రియల ఖర్చు, కుటుంబం కోల్పోయిన తోడు, వడ్డీ ఇంకా దీనిపైన.

బీమా ఉంటే ఆ సొమ్ము కంపెనీ కడుతుంది. లేకపోతే మీరు కట్టాలి. కట్టకపోతే సెక్షన్ 174 కింద కలెక్టర్ భూమిశిస్తు బకాయిలా వసూలు చేయవచ్చు, అంటే ఇల్లు, పొలం దాకా వస్తుంది. మీ దగ్గర ఏమీ లేదనుకోండి, అప్పుడు నష్టపోయేది ఆ భార్యాపిల్లలు. తీర్పు కాగితం చేతిలో పట్టుకుని, రూపాయి రాక నా ఆఫీసు బల్ల ముందు కూర్చునే కుటుంబాలకు ఏం చెప్పాలో నాకు తోచదు. ప్రమాదం చేసిన బీమా లేని బండిని తగిన హామీ ఇవ్వనిదే విడిచిపెట్టకుండా నిబంధనలు తేవాలని 2018లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది కూడా ఇలాంటివారి కోసమే.

అపోహ: బండి అమ్మేశాను, ఇక నాకేమీ అంటదు.

వాస్తవం: ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వారే యజమాని. ఎన్ని చేతులు మారినా, రికార్డులో పేరున్న యజమానిదే బాధ్యత అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కొన్నవాడు ఇన్సూరెన్స్ కట్టకుండా ఎవరినైనా గుద్దితే నోటీసు మీ ఇంటికే వస్తుంది. స్టాంపు కాగితంపై సంతకాలు చేయించుకున్నామన్నది ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ముందు మిమ్మల్ని కాపాడదు. పేరు మార్పిడి పూర్తయ్యే దాకా ఆ బండి మీదే అనుకుని వెంటపడండి.

అపోహ: చేతిలో పాలసీ కాగితం ఉంది కాబట్టి నిశ్చింత.

వాస్తవం: నకిలీ పాలసీలు ఉన్నాయి. మరీ తక్కువ ధరకు ఎవరైనా పాలసీ చేతిలో పెడితే, ఆ నంబరును బీమా కంపెనీ వెబ్‌సైట్‌లో సరిచూడండి. కొన్నాళ్ల తర్వాత ఎంపరివాహన్‌లో మీ బండి వివరాలు తెరిచి, బీమా గడువు తేదీ కాగితంతో సరిపోలుతోందో లేదో చూడండి. సరిపోలకపోతే వెంటనే కంపెనీని అడగండి, జవాబు వచ్చేదాకా బండి తీయకండి.